పలక తెల్లవైపు

మా ఇంట్లో పొయ్యి పైన రెండేళ్ళపాటు ఒక బూటు వేలాడింది. ఎడమకాలిది. అడుగున పిడికిలి దూరేంత చిల్లు, పైన ఎప్పటిదో ఎండిన నాచు. అది మా ఊరు వైకారులోని చేపల క్లబ్బు వారి బహుమతి. ఉత్తపుణ్యానికి సైరన్ మోగించి ఊరంతటినీ పరుగులు పెట్టించినవాళ్ళ ఇంట్లో ఆ బూటు ఏడాదిపాటు, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేట్టు వేలాడాలి. మా ఇంటికి టీకి వచ్చినవాళ్ళు ముందు బూటుకు టోపీ తీసి, దాని ఆరోగ్యం కనుక్కుని, ఆ తర్వాతే నన్ను పలకరించేవాళ్ళు.

ఒక ఏడాదంటే నవ్వి ఊరుకోవచ్చు. మాకు వరసగా రెండేళ్ళు వచ్చింది. రెండుసార్లూ కారణం మా ఆయన డూగల్. రెండుసార్లూ సైరన్ మీట నొక్కినదాన్ని నేను.

డూగల్ దక్షిణాది నదుల వెంట పెరిగాడు. నడుం లోతు నీళ్ళలో గంటలకొద్దీ కొంగలా నిలబడి, ఈకలు చుట్టిన గాలాన్ని ట్రౌట్ చేప ముక్కు ముందు వాల్చడం అతనికి సరదా. ఆ చేపను పట్టుకుని, కొలిచి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు. మాది సముద్రం ఇల్లు. మా నాన్న తామాటి ముప్పై ఏళ్ళు తపాలా బండి నడిపాడు గాని, ఒక్క శనివారం కూడా నేల మీద గడిపిన పాపాన పోలేదు. పెళ్ళయిన కొత్తలో అల్లుడి సంగతి విని నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు.

"పట్టుకుని, క్షమాపణ చెప్పి వదిలేస్తావా?" అన్నాడు చివరికి. "మరి రాత్రికి ఏం తింటావయ్యా? ఆ క్షమాపణ వేయించుకుని తింటావా?"

"మీరూ వదుల్తారుగా మామగారూ, మొదటి చేపని?" అన్నాడు డూగల్.

"నేను మొదటిది ఒకటి వదుల్తాను. అది సముద్రానికి మర్యాద. నువ్వు మొత్తం వదిలేస్తున్నావు. అది సోమరితనం."

అలా ఏడేళ్ళు నడిచింది. నాన్న అతన్ని "నదివాడు" అని తప్ప పేరుపెట్టి పిలవలేదు, ఒక్కసారి కూడా తన పడవ ఎక్కించుకోలేదు. డూగల్ ఆ మాటకు నవ్వేవాడే గాని, శనివారం పొద్దున నాన్న బండి మా ఇంటి ముందు నుంచి పడవను లాక్కుంటూ పోతుంటే కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. అది నాకు తెలుసు.

మా ఊళ్ళో సముద్రంలోకి వెళ్ళాలంటే నది మొగ దగ్గర ఇసుకమేట దాటాలి. పోటు నిండే వేళకు దాటితే పరవాలేదు. ఆటు మొదలైందా, లోపలి నీళ్ళు బయటి అలలతో తలపడి మేట మీద ఇంటెత్తు కెరటాలు లేస్తాయి. అందుకే మొగ పైనున్న గుట్ట మీద క్లబ్బు గది, అందులో రేడియో, గోడకు ఒక బల్ల, దాని మీద ఒక్కో పడవకు ఒక్కో చెక్కపలక ఉంటాయి. బయటికి పోయేవాళ్ళు ఎందరున్నారో, ఎన్నింటికి వస్తారో రేడియోలో చెప్పాలి. డ్యూటీలో ఉన్నవాళ్ళు ఆ పడవ పలకను ఎర్రవైపు తిప్పాలి. వచ్చాక తెల్లవైపు. చెప్పిన వేళ దాటి పావుగంటైనా పలక ఎర్రగానే ఉందంటే సైరన్ మోగాల్సిందే. రేడియో పైన గోడ మీద పెద్దపెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: "కంటితో చూడు, లేదా చెవితో విను, అప్పుడే తిప్పు." అది రాసింది మా నాన్న. అప్పుడు నేను ఎనిమిదేళ్ళ పిల్లని, పెయింటు డబ్బా పట్టుకున్నాను.

మొదటిసారి డూగల్ చిన్న పడవలో ఒక్కడే వెళ్ళి, కొండ చాటున కహవాయి చేపల గుంపు కనబడితే ఒళ్ళు మరిచిపోయాడు. సైరన్ విని బ్రెడ్డు కాల్చేవాడు పొయ్యి వదిలి పరిగెత్తాడు. ఆ వారమంతా ఊరు మాడు బ్రెడ్డే తింది. రెండోసారి ఇంకా ఘోరం. క్షేమంగా మొగ దాటి లోపలికొచ్చినవాడు, ఆ మాట రేడియోలో చెప్పకుండా నది పైకి పోయి, జమ్ము పొదల వెనక ట్రౌట్ కోసం నిలబడ్డాడు. నలభైమంది వెతుకుతూ వెళ్తే, పెదవుల మీద వేలుపెట్టి, "ష్... చేప బెదిరిపోతుంది" అన్నాడట. ఆ మాట ఈనాటికీ మా ఊళ్ళో సామెత. ఎవరి ఇంట్లో పిల్ల పోరు పెట్టినా, "ష్, చేప బెదిరిపోతుంది" అంటారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని నవ్వి నవ్వి నాలో ఒకటి పుండైంది. సరుకుల కొట్లో నిలబడితే వెనక ఎవరో సైరన్‌లా సన్నగా కూసేవారు. మా మేనమామ రావిరి, క్లబ్బుకు పెద్ద, అతనొక్కడే నవ్వేవాడు కాదు. "నువ్వు చేసింది కరెక్టేనమ్మా. వందసార్లు ఉత్తుత్తిగా మోగినా పరవాలేదు," అనేవాడు. ఆ మాట నేను వినలేదు. నవ్వినవాళ్ళ మాటే విన్నాను.

ఆ శనివారం అక్టోబరు నెలది. ముందురోజు సాయంత్రం నాన్న మా గుమ్మంలోకి వచ్చి, లోపలికి రాకుండానే, "రేపు స్నాపర్ చేపలకి పోతున్నా. ఆ నదివాడికి పని లేకపోతే రమ్మను," అన్నాడు. అతని కుడి భుజం నొప్పి, లంగరు లాగలేకపోతున్నాడు. అది చచ్చినా చెప్పడు. డూగల్ ఆ రాత్రి నాలుగుసార్లు గాలాలు సర్దాడు. పొద్దున్నే నదిలో వేసుకునే రబ్బరు పంట్లాం తొడుక్కుని తయారయ్యాడు. అది పాదాల నుంచి రొమ్ముదాకా ఒకటే సంచీ.

"సముద్రంలోకి అదేంటయ్యా?" అన్నాడు నాన్న, పడవ రేవు దగ్గర. "అందులో నీళ్ళు నిండాయంటే లంగరు అక్కర్లేదు, నిన్నే కట్టి వదలొచ్చు."

"చలిగా ఉంది మామగారూ. నడుముకి బెల్టు కట్టాను, నీళ్ళు రావు."

"నువ్వు ముందు నీ లైఫ్ జాకెట్ వేసుకో నాన్నా," అన్నాను నేను. నాన్న దాన్ని ఎప్పటిలాగే సీటు మీద దిండులా వేసుకుని కూర్చున్నాడు.

"అరవై ఏళ్ళుగా ఈ మొగ దాటుతున్నా. అది నా పిర్రలకి, ఒంటికి కాదు." ఇంజను తాడు లాగబోతూ నా వైపు తిరిగాడు. "ఇవాళ డ్యూటీ నీదే కదూ? విను, పారే తల్లీ. పదకొండుకి వస్తాం. ఒక నిమిషం అటూ ఇటూ అయిందని నువ్వు ఆ సైరన్ ముట్టుకున్నావో, పడవ నాది గనక బూటు నా ఇంటికొస్తుంది. బూటు నా ఇంటికొచ్చిందా, నువ్వు నా కూతురివి కాదు."

అది పరాచికమే. కన్నుగీటాడు కూడా. డూగల్ ముందు వైపు కూర్చుని చిన్నపిల్లాడిలా చెయ్యి ఊపాడు.

ఏడున్నరకు రేడియోలో నాన్న గొంతు వచ్చింది. "ఇద్దరం. పదకొండు. ఒకడు మనిషి, ఒకడు కొంగ." నేను పలక ఎర్రవైపు తిప్పాను.

ఆ రోజు గుట్ట కింద, నది మొగకు లోపల ఉన్న మడుగు ఒడ్డున, పిల్లల చేపల పోటీ జరుగుతోంది. ఊరంతా అక్కడే ఉంది. వేయించిన రొట్టె వాసన పైకి వస్తోంది. తూకం దగ్గర గ్లెనిస్ అరుపులు వినబడుతున్నాయి. గ్లెనిస్ క్లబ్బు కార్యదర్శి. బూటు ఎవరికివ్వాలో తేల్చేది, ఇచ్చేటప్పుడు ఉపన్యాసం చెప్పేది ఆమే.

పదిన్నర నుంచి వాన తెరలు తెరలుగా రావడం మొదలైంది. మొగ ఒకసారి కనబడుతుంది, ఒకసారి మాయమవుతుంది. పదకొండయింది. రేడియోలో పిలిచాను. గరగర తప్ప ఏమీ లేదు. నాన్న చేపలు పడుతుంటే రేడియో కట్టేస్తాడు. పదకొండూ పది. మళ్ళీ పిలిచాను. పదకొండుంపావు.

మీట నా మోచేతి పక్కనే ఉంది. ఎర్రటి మీట, దాని మీద గాజు మూత. మూత ఎత్తాను కూడా. కింద వందమంది. పిల్లలు గాలాలు వేసుకుని కూర్చున్నారు. నేను నొక్కితే ఆ పోటీ అంతా చెల్లాచెదురవుతుంది, మగవాళ్ళు పడవల వైపు పరిగెత్తుతారు. సరిగ్గా అప్పుడే నాన్న మొగలోంచి తాపీగా వస్తాడు, డూగల్ ఒక చేపను చూపిస్తూ నవ్వుతాడు. గ్లెనిస్ ఆ సాయంత్రమే ఉపన్యాసం చెప్తుంది. మూడోసారి. నాన్న ఇంట్లో. డూగల్‌ని ఇక జన్మలో పడవ ఎక్కించుకోడు. ఇదంతా నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. బయట సముద్రంలో ఏం జరుగుతూ ఉండొచ్చో మాత్రం ఒక్క ముక్క కనబడలేదు. నా బుద్ధి గడ్డి తింది.

ఐదు నిమిషాలు చూద్దాం అనుకుని మూత దించాను.

అప్పుడే గుట్ట మీదికి రావిరి మామయ్య బండి వస్తున్న చప్పుడైంది. పదకొండున్నరకు అతని డ్యూటీ. ఎర్ర పలక చూశాడంటే నన్ను అడగడు, గడియారం చూసి నొక్కేస్తాడు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళి నాన్న పలకను తెల్లవైపు తిప్పాను. ఇప్పుడు వచ్చేస్తారు, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

మామయ్య తడిసిన కోటు విదిలించుకుంటూ వచ్చి బల్ల వైపు చూశాడు. "మీ నాన్న వచ్చేశాడా?"

"వచ్చేశారు."

"ఏం పడ్డాయి?"

"అడగలేదు మామయ్యా," అని బయటపడ్డాను.

పరుగు లాంటి నడకతో రేవుకు దిగాను. నాన్న బండి అక్కడే ఉంది, వెనక పడవ ఎక్కించే ట్రెయిలర్ ఖాళీగా ఉంది. వానలో నిలబడ్డాను. పదకొండూ నలభైకి రేవు రాళ్ళ దగ్గర నీళ్ళు కదలకుండా నిలిచాయి. తర్వాత ఒక ఆకు మెల్లగా మొగ వైపు కదిలింది. ఆటు మొదలైంది. ఆటు మొదలయ్యాక మా నాన్న ఏనాడూ మొగ అవతల లేడు. ఆలస్యంగా వచ్చేవాడు డూగల్, నాన్న కాదు. ఆ సంగతి గుట్ట మీద గడియారం ముందు కూర్చున్నప్పుడు నాకు తట్టనేలేదు.

అప్పుడైనా పైకి పరిగెత్తాలి. గుట్ట ఎక్కడానికి నాలుగు నిమిషాలు. కాని ఎక్కితే ఏమని చెప్పాలి? అబద్ధం ఆడానని చెప్పాలి. ఇంకొంచెం చూద్దామని ఇసుక చివరిదాకా నడిచి, వానలోకి కళ్ళు చికిలించి, నాన్నా, నాన్నా అంటూ నిలబడ్డాను. పిలిస్తే వస్తాడన్నట్టు.

పన్నెండూ పదికి మడుగు ఒడ్డు నుంచి గ్లెనిస్ కేక వినబడింది. ఒక పిల్ల గాలానికి నీలం రంగు చేపల పెట్టె తగిలింది. దాని మూత లోపల నాన్న పేరు ఉంది. పోటు చివర్లో మొగ మీద నుంచి లోపలికి కొట్టుకొచ్చిన పెట్టె అది. కాని చూసినవాళ్ళు అలా ఎందుకు అనుకుంటారు? పలక తెల్లగా ఉంది. పెట్టె మొగకు లోపలి వైపు దొరికింది. పడవ లోపలికొచ్చాకే బోల్తా పడిందని ఊరంతా ఒక్కసారే అనుకుంది. గుట్ట మీద సైరన్ మోగింది.

ఎంతమంది వచ్చారో! పడవలు, తాళ్ళు, పొడుగు కర్రలు. ఎవరో నా భుజాల మీద దుప్పటి కప్పారు, ఎవరో చేతిలో వేడి టీ పెట్టారు. రావిరి మామయ్య గుట్ట దిగొచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పారే, తల్లీ, నువ్వే కదా చూసింది. మొగ దాటాక ఎటు తిరిగారు? గుర్తు చేసుకో."

చెయ్యి లేచింది. నా చెయ్యే. అది నది పై వైపు, జమ్ము పొదల వైపు చూపించింది.

అందరూ అటు పరిగెత్తారు. నేను టీ తాగాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక గుక్క తాగాను, తియ్యగా ఉంది. అరవాలని ఉంది. అరిచేస్తాను, ఇదిగో అరుస్తున్నాను అనుకుంటూ ఆ కప్పును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. పక్కన గ్లెనిస్ నా వీపు రాస్తూ, "దొరుకుతారు, లోపలే కదా, లోతు లేదు," అంటోంది. ఆమె రాసిన ప్రతిసారీ నేను చెప్పాల్సిన మాట ఇంకాస్త కిందికి దిగిపోయింది.

రావిరి మామయ్యకు అరవై ఎనిమిదేళ్ళు. పాత వంతెన స్తంభాల దగ్గర చొక్కా విప్పి నీళ్ళలోకి దూకాడు. మునిగాడు. చాలాసేపటికి తేలి, పెదవులు నల్లబడి, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మునిగాడు. అక్కడ లేని మా నాన్న కోసం చేతులతో బురద తడుముతున్నాడు. మూడోసారి తేలినప్పుడు ఊపిరి అందక స్తంభాన్ని కౌగిలించుకున్నాడు. ఇక చూడలేకపోయాను.

"మామయ్యా! అక్కడ లేరు! బయటికి రా, అక్కడ లేరు!"

"ఏంటమ్మా?"

"నేను చూడలేదు! వాళ్ళు రాలేదు. పలక నేనే తిప్పాను... బూటుకి భయపడి తిప్పాను. బయటే ఉన్నారు మామయ్యా, వాళ్ళు బయటే ఉన్నారు!"

వీపు మీద గ్లెనిస్ చెయ్యి ఆగిపోయింది. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

మామయ్య నీళ్ళోంచి వచ్చి, తడి ఒంటితోనే మొగ వైపు చూశాడు. మేట ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్లగా లేస్తోంది. క్లబ్బు పడవలో ముగ్గురు ఎక్కారు. మొగ దాకా వెళ్ళి ఒకసారి ఎదురు నిలిచారు, పడవ ముక్కు ఆకాశంలోకి లేచింది, వెనక్కి జారింది. రెండోసారీ అంతే. మామయ్య చేతి రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"వెనక్కి తిప్పండి. చాలు. ఇంకో ముగ్గురి పెళ్ళాలకి నేను జవాబు చెప్పలేను." రేడియో దించి, ఎవరితోనో కాదు, తనలో తాను అన్నట్టు అన్నాడు. "సైరన్ మోగినప్పుడే బయటికి పోయుంటే దాటేవాళ్ళం."

హెలికాప్టర్ రావడానికి నలభై నిమిషాలన్నారు. ఆటు ఏది తీసుకెళ్ళినా దక్షిణం వైపే పడేస్తుంది. నల్ల ఇసుక వెంట నాలుగు చక్రాల బండ్లు వేసుకుని బయల్దేరారు. నేను మామయ్య వెనక ఎక్కాను. వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అతని తడి వీపుకు చెంప ఆనించి, వచ్చిన ప్రార్థనలూ రాని ప్రార్థనలూ అన్నీ చదివాను. ఇద్దరినీ ఇవ్వు. ఇద్దర్నీ ఇవ్వకపోతే... అక్కడ ఆగిపోయేదాన్ని. ఎవరి పేరు చెప్పను? ఆ ప్రశ్న నా నెత్తిన నేనే తెచ్చి పెట్టుకున్నాను.

ఒకటిన్నరకు, రెండు మైళ్ళ దిగువన, అలల అంచున ఏదో కదిలింది. డూగల్. మోచేతుల మీద పాకుతున్నాడు. రబ్బరు పంట్లాం తొడల దగ్గర నుంచి లేదు, కత్తితో కోసినట్టుంది. ఎడమ తొడ మీద కత్తి గాటు ఒకటి, ఉప్పునీళ్ళకు తెల్లబడి ఉంది. నేను వెళ్ళి మీద పడ్డాను. అతని ఒళ్ళు చేప ఒళ్ళులా చల్లగా ఉంది.

"మామగారు?" అన్నాడు.

ఆ ప్రశ్న మేము అడగాల్సింది.

దుప్పట్లలో చుట్టి, బండ్ల చాటున కూర్చోబెట్టి, ముగ్గురం ఆనుకుని కూర్చుంటే పళ్ళు టకటకలాడుతూ చెప్పాడు. వద్దన్నా చెప్పాడు. మొదటి చేప అతనికే పడింది, పెద్ద స్నాపర్. వదిలెయ్, సముద్రానికి మర్యాద, అన్నాడట నాన్న. డూగల్ దాన్ని రెండు చేతులా నీళ్ళలో పట్టుకుని, అది ఊపిరి తీసుకునేదాకా ఆగి వదిలాడు. "అలాగా వదలడం? మేం విసిరేస్తాం. నీది బాగుంది డూగల్," అన్నాడట. పేరు పెట్టి పిలిచాడు. పదకొండుకు పది నిమిషాల ముందు మొగలోకి వస్తుంటే వానలో పక్క నుంచి అల కొట్టింది. పడవ తిరగబడింది.

"నా పంట్లాంలో నీళ్ళు నిండాయి పారే. కాళ్ళు పట్టుకుని ఎవరో కిందికి లాగుతున్నట్టే. ఆయన ఎర కోసే కత్తితో కోసేశాడు. మునిగి మునిగి కోశాడు. తర్వాత ఇద్దరం పడవ అడుగు పట్టుకుని ఉన్నాం. ఆయనకి జాకెట్ లేదు. నాది ఇస్తానంటే బూతులు తిట్టాడు."

"ఇక మాట్లాడకు," అన్నాడు మామయ్య.

"లేదు, ఇది తను వినాలి. ఆయన చేతికి వాచీ ఉంది. భయపడకు, ఇవాళ డ్యూటీ మా పారేది, అన్నాడు. ఇంకెవరైనా అయితే చూద్దాంలే అనుకుంటారు, అది అనుకోదు. రెండు బూట్లు తెచ్చుకున్న పిల్ల అది, పావుగంటంటే పావుగంటే. పదకొండుంపావుకి మోగుతుంది, చూడు, అన్నాడు. ఇద్దరం చెవులు రిక్కించి విన్నాం. అక్కడికి సైరన్ బాగా వినబడుతుంది కదా. మోగలేదు. వాచీ ముందుకి పోతోందేమో అన్నాడు. పన్నెండు దాకా అదే మాట. వాచీ ముందుకి పోతోంది, వాచీ ముందుకి పోతోంది. తర్వాత మాట్లాడలేదు. చేతులు వదిలేశాడు. నేను పట్టుకున్నా, పారే. పట్టుకున్నా. నా వేళ్ళు పనిచెయ్యలేదు. ఆ తర్వాత... ఎంతసేపు, ఒక సిగరెట్టు కాల్చినంతసేపు కూడా కాదు... సైరన్ వినబడింది."

నన్ను ఓదారుస్తున్నాడు. నాన్నకు నా మీద ఎంత నమ్మకమో చెప్పి నన్ను ఓదారుస్తున్నాడు.

మామయ్య లేచి, అటు తిరిగి, అలల దాకా వెళ్ళిపోయాడు. నేను డూగల్ చెయ్యి పట్టుకుని చెప్పాను. ఏమీ దాచలేదు. గాజు మూత ఎత్తి దించానని కూడా చెప్పాను. అతను నా ముఖంలోకి చూశాడు. కొంతసేపటికి తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దుప్పటి సర్దుకోవడానికేలే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం రావిరి మామయ్య మొగ దగ్గర రెండు గుంజలు పాతి, ప్రార్థన చదివి, రాహుయి అనే నిషేధం విధించాడు. నాన్న దొరికేదాకా ఆ నదిలోగాని, ఆ సముద్రంలోగాని ఎవరూ గాలం వెయ్యకూడదు, ఒక్క గుల్ల కూడా ఏరకూడదు. పిల్లలు పోటీలో పట్టిన చేపల్ని తెచ్చి నీళ్ళలో కలిపేశారు. తర్వాత మామయ్య గుట్ట ఎక్కి నాన్న పలకను మళ్ళీ ఎర్రవైపు తిప్పాడు.

ఎనిమిది రోజులు వెతికారు. హెలికాప్టర్ వచ్చి వెళ్ళింది. ఇంటికి కూరలు వచ్చాయి, రొట్టెలు వచ్చాయి, గిన్నెలు ఎవరివో నాకు తెలియదు. అందరూ మెత్తగా మాట్లాడారు. ఆ మెత్తదనం నేను భరించలేకపోయాను. నాలుగోరోజు పొయ్యి పైనుంచి బూటు తీసి, చేత్తో పట్టుకుని, ఊరి మధ్య నుంచి నడిచి గ్లెనిస్ ఇంటికి వెళ్ళాను.

"దీన్ని నా ఇంట్లో ఎప్పటికీ ఉంచాలని రాయండి," అన్నాను. "నా పేరుతో. నేను బతికున్నంత కాలం."

గ్లెనిస్ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బూటు తీసుకుని బల్ల మీద పెట్టింది. "ఇది ఊరికే సైరన్ మోగించినవాళ్ళకమ్మా," అంది. "మోగించనివాళ్ళకి ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు." తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఆ బూటు ఎవరింట్లోనూ వేలాడలేదు. తనే పొయ్యిలో పెట్టిందని అంటారు.

తొమ్మిదో రోజు పొద్దున దక్షిణపు ఇసుకలో నాన్న దొరికాడు. చూడొద్దన్నారు. చూశాను. నల్ల ఇసుక మీద, ముఖం ఒక పక్కకు తిరిగి, ఎడమ చేతికి వాచీతో ఉన్నాడు. వాచీ ఆగిపోయి ఉంది. ఎన్నింటికి ఆగిందో చూడబోతే మామయ్య తన అరచెయ్యి దాని మీద పెట్టాడు.

మూడు రోజులు నాన్నను మా తెగవాళ్ళ సభ ఇంట్లో పడుకోబెట్టి, పాటలు పాడి, అతని పరాచికాలు చెప్పుకుని, కొండ మీద అమ్మ పక్కన పెట్టి వచ్చాం. నదివాడు శవపేటిక ముందు కొమ్ము మోశాడు. కిందికి దిగుతుంటే రావిరి మామయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"క్లబ్బుకి రా. పలక తిప్పాలి."

"నేను రాను మామయ్యా. నువ్వు తిప్పు."

"ఆ రోజు డ్యూటీ నీది. వాళ్ళని రాసుకున్నది నువ్వు. ఇంకా నీ డ్యూటీ దిగలేదు."

గది తాళం తీశాడు. రేడియో ఆపి ఉంది. బల్ల మీద అన్ని పలకలూ తెల్లగా ఉన్నాయి, ఒకటి తప్ప. మామయ్య తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"కంటితో చూశావా?" అని అడిగాడు.

"చూశాను."

"అయితే తిప్పు."

తిప్పాను. పలక తేలిగ్గా తిరిగింది. ఆ రోజూ అంతే తేలిగ్గా తిరిగింది.